కోన్ ఫిల్టర్లు తగిలించాక మధ్యలో మొరాయిస్తున్న ఎక్స్‌ఎస్ 650

జంట_సిలిండర్:
నాది 1978 యమహా ఎక్స్‌ఎస్ 650. రెండు మికుని బీఎస్38 కార్బురేటర్లు. ఎయిర్ బాక్సుల రబ్బరు గొట్టాలు ఎండి పెంకుల్లా పగిలిపోతుంటే విసుగొచ్చి, వాటిని తీసేసి కార్బురేటర్ల మూతికే నేరుగా చెరొక కోన్ ఫిల్టర్ (శంకువు ఆకారపు గాలి వడపోత) బిగించాను. చూడటానికి ముచ్చటగా ఉంది, నడపడానికే లేదు. ఐడ్లింగ్ బాగుంది. సగం థ్రాటిల్ ఇచ్చి 3,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాటానో లేదో గొంతు పట్టేసినట్టు గింజుకుంటుంది, 5,000 దగ్గర ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. చోక్ కొంచెం లాగితే కాస్త నయం. మెయిన్ జెట్ (పెట్రోలును కొలిచి వదిలే చిల్లున్న బిళ్ల, అంకె పెరిగితే చిల్లు పెద్దది) 135 తీసి 140, తరువాత 145 వేశాను. తేడా లేదు. ఇంకా పెద్దది వేయమంటారా?

నూనె_మరకలు:
వద్దండి. మెయిన్ జెట్ పెత్తనమంతా ముప్పావు థ్రాటిల్ దాటాకే. మీ బండి సగంలో ఏడుస్తుంటే అక్కడ 160 వేసినా ఒకటే.

ముందు ఫిల్టర్ ఊడదీసి, కార్బురేటర్ మూతిలోకి టార్చి వేసి చూడండి. అంచు దగ్గర చిన్న రంధ్రాలుంటాయి. వాటిలో ఒకటి డయాఫ్రమ్ (స్లైడ్‌కు అతికిన పలుచటి రబ్బరు పొర) అడుగు భాగానికి గాలి అందిస్తుంది. ఈ రకంలో కేబుల్ తిప్పేది సీతాకోకచిలుక రెక్కలాంటి బిళ్లను మాత్రమే. స్లైడ్‌ను, అంటే పైకీ కిందికీ కదులుతూ గాలి దారిని పెంచి తగ్గించే ముక్కను, పైకి లేపేది కింది గాలికీ పైనున్న వాక్యూమ్‌కీ మధ్య తేడా. ఫిల్టర్ లోపలి రబ్బరు పెదవి ఆ రంధ్రం మీద కూర్చుంటే స్లైడ్ సరిగ్గా లేవదు. ఈ ఒక్క సంగతి తెలియక నేను రెండు ఆదివారాలు జెట్లు మారుస్తూ కూర్చున్నాను.

అలాగే స్లైడ్‌ను వేలితో ఎత్తి వదలండి. ఎక్కడా పట్టకుండా మెల్లగా దిగాలి. డయాఫ్రమ్‌ను వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి, సూది మొనంత చిల్లు ఉన్నా చాలు, పని చెడుతుంది.

నాలుగో_గేర్:
కార్బురేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య రబ్బర్ల సంగతి కూడా చూడండి. అవీ అదే వయసువి కదా! ఐడ్లింగ్‌లో వాటి చుట్టూ కార్బ్ క్లీనర్ చిలకరిస్తే, లీకు ఉన్నచోట శబ్దం మారుతుంది. ఇంజిన్ వేడెక్కక ముందే చేయండి, అది మండే సరుకు. కార్బురేటర్ స్క్రూలు జపాన్ కొలతవి, మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెడితే తలలు అరిగిపోతాయి.

జంట_సిలిండర్:
దొరికింది! ఎడమ ఫిల్టర్ పెదవి రంధ్రాన్ని పూర్తిగా మూసేసింది, కుడిది సగం. బ్లేడుతో రెండు చోట్లా గోరంత రబ్బరు కోశాను, ముక్కలు లోపల పడకుండా మూతిలో గుడ్డ కుక్కి మరీ. ఇప్పుడు 4,000 ఎప్పుడు దాటిందో తెలియలేదు. 145 తీసి 140 పెట్టాను. కానీ పూర్తి థ్రాటిల్‌లో కొంచెం ఊగుతోంది, స్పార్క్ ప్లగ్గుల మొనలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి.

నూనె_మరకలు:
ఆ తెలుపు అంటే గాలికి తగినంత పెట్రోలు అందడం లేదని; దానితో ఎక్కువసేపు లాగించకండి, పిస్టన్‌కు చేటు. 142.5 వేయండి. కొత్త ప్లగ్గులతో పూర్తి థ్రాటిల్‌లో కాసేపు నడిపి, క్లచ్ పట్టి, అదే క్షణంలో స్విచ్ ఆపేయండి. ఐడ్లింగ్‌లో ఇంటిదాకా వస్తే ఆ రంగు నమ్మడానికి లేదు. సగం థ్రాటిల్‌లో ఇంకా పలుచగా (పెట్రోలు తక్కువగా) అనిపిస్తే స్లైడ్‌లోని సూది క్లిప్పును ఒక గాడి కిందికి దించండి, సూది పైకి లేచి పెట్రోలు ఎక్కువ వస్తుంది. రెండూ ఒకేసారి మాత్రం మార్చకండి.

జంట_సిలిండర్:
142.5 సరిపోయింది, క్లిప్పు ముట్టుకోలేదు. కుడి ప్లగ్ బిస్కెట్ రంగులో ఉంది. ఎడమది కాస్త నల్లగా ఉంది, రేపు ఆ వైపు ఫ్లోట్ (కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు మట్టాన్ని నిలిపే తేలే ముక్క) ఎత్తు కొలుస్తాను.