కమాండో నవలల్లో గాయపడ్డవాణ్ని మోసుకెళ్తారు కదా, నిజంగా అలా జరిగేదా?

గోదారి పాఠకుడు:
అలిస్టెయిర్ మెక్లీన్ ‘ద గన్స్ ఆఫ్ నవరోన్’ (1957) నిన్న రాత్రి పూర్తి చేశాను. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఫిరంగులు పేల్చడానికి వెళ్లిన కమాండోలు తుఫానులో, చిమ్మచీకట్లో కొండ ఎక్కే భాగం చదువుతుంటే అరచేతులకు చెమట పట్టింది. అక్కడే కుర్రాడు స్టీవెన్స్ కాలు విరుగుతుంది. వెనకాల జర్మన్లు తరుముతున్నారు, ఖెరోస్ దీవిలో 1,200 మంది ప్రాణాలు వీళ్ల చేతిలో ఉన్నాయి. అయినా అతన్ని మంచులో మోసుకుంటూ తిరుగుతారు. నిజం యుద్ధంలో ఇలా కుదురుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఎన్‌సీసీ మాస్టారు:
మోసుకెళ్లలేకపోయిన సంగతి ఒకటి చెబుతాను తమ్ముడూ. 1942 డిసెంబరు 7 రాత్రి, ఆపరేషన్ ఫ్రాంక్టన్. ఫ్రాన్స్ తీరంలో జిరోండ్ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, సబ్‌మెరైన్ నుంచి పదిమంది బ్రిటిష్ మెరైన్లు అయిదు చిన్న పడవల్లో దిగారు. తెడ్లు వేసుకుంటూ బోర్డో రేవుకు పోయి, అక్కడి ఓడలకు మైన్లు అంటించాలి. నదీముఖం దగ్గర సుడుల్లో ఒక పడవ బోల్తా పడింది. అందులోని షియర్డ్, మొఫాట్ ఆ చలినీళ్లలో పడిపోయారు. దళ నాయకుడు మేజర్ హాస్లర్ వాళ్లను మిగతా పడవలు పట్టుకోమని, వీలైనంత ఒడ్డు వైపు లాక్కెళ్లాడు. అంతకుమించి ఆలస్యమైతే అందరూ దొరికిపోతారు. ఇక ఈదుకుంటూ వెళ్లండని చెప్పి వదిలేయాల్సి వచ్చింది. ఇద్దరూ బతకలేదు. బోర్డోలో మైన్లు పేలాయి, ఓడలు దెబ్బతిన్నాయి. పదిమందిలో తిరిగి ఇంటికి చేరింది మాత్రం హాస్లర్, స్పార్క్స్ ఇద్దరే. ఆరుగురిని జర్మన్లు పట్టుకుని కాల్చేశారు. దొరికిన కమాండోలు యూనిఫాంలో ఉన్నా సరే చంపేయమని హిట్లర్ ఆ అక్టోబరులోనే ఆర్డర్ వేశాడు.

అలాగని మెక్లీన్ కట్టుకథ రాశాడని నేననను. ఆయనా రాయల్ నేవీలో పనిచేసి వచ్చినవాడే. స్టీవెన్స్‌ను చూసినప్పుడల్లా దళ నాయకుడు మల్లరీ మనసులో నలిగే లెక్క ఉంది చూడు, అది నిజం. ఆ లెక్క లేని కమాండో నవల నేను సగం కూడా చదవలేను. బాంబులు ఎవరైనా రాస్తారు.

పద్మజ, వరంగల్:
మాస్టారూ, వీళ్లు పేల్చేసి వెళ్లిపోతారు సరే, తెల్లారి జర్మన్ల చేతిలో ఆ ఊరివాళ్ల గతేమిటి? ఈ నవలల్లో నాకు నచ్చనిది అదే. పేలుడు అయిపోగానే కథా అయిపోతుంది.

ఎన్‌సీసీ మాస్టారు:
బాగా అడిగావమ్మా. అది ఆలోచించి పనిచేసినవాళ్లూ ఉన్నారు. నార్వేలోని వెమోర్క్‌లో జర్మన్ల అణు పరిశోధన కోసం హెవీ వాటర్ తయారయ్యేది. 1943 ఫిబ్రవరి 27 రాత్రి తొమ్మిదిమంది నార్వే కుర్రాళ్లు లోయ దిగి, నది దాటి, అవతలి కొండ ఎక్కి అక్కడికి చేరారు. నాయకుడు రోనెబర్గ్‌కు 23 ఏళ్లు. ఇంగ్లండ్‌లో హార్డ్‌వేర్ షాపులో తాను కొని తెచ్చుకున్న కట్టర్‌తోనే గేటు గొలుసు తెంచారు. లోపల పేలుడు మందు అమర్చి వత్తి ముట్టించబోతుంటే, అక్కడున్న నార్వే వాచ్‌మన్ తన కళ్లజోడు కనబడటం లేదన్నాడు. యుద్ధకాలంలో కొత్తది దొరకడం కష్టం. ఆ టెన్షన్‌లోనూ అతని కళ్లజోడు వెతికి ఇచ్చారు! ఇది బయటి నుంచి వచ్చిన సైనికుల పని, ఊరివాళ్లకు సంబంధం లేదని జర్మన్లు అనుకోవాలని, వెళ్తూ వెళ్తూ బ్రిటిష్ సైన్యం వాడే టామీ గన్ ఒకటి అక్కడే వదిలారు. ఒక్క తూటా పేలకుండా పని ముగిసింది. ఏ నవలలోనైనా నేను వెతికేది అలాంటి మనుషుల కోసమే.

పాత పుస్తకాల సుబ్బారావు:
ఎంతసేపూ యూరప్ సంగతులేనా అండీ? 1943 మార్చిలో గోవా రేవులో కూడా ఇలాంటి దాడి జరిగింది. పోర్చుగీసువాళ్ల గోవా తటస్థ ప్రాంతం కాబట్టి బ్రిటిష్ సైన్యం బాహాటంగా అడుగుపెట్టే వీల్లేదు. అక్కడున్న ‘ఎహ్రెన్‌ఫెల్స్’ అనే జర్మన్ ఓడ నుంచి రహస్యంగా రేడియో సందేశాలు పోతున్నాయని అనుమానం. దాని మీదికి పంపింది కలకత్తా లైట్ హార్స్ అనే రిజర్వు దళంలోని నడివయసు వ్యాపారులను, ఉద్యోగస్తులను. ‘ఫీబీ’ అనే పాత పడవ కలకత్తా నుంచి తూర్పు తీరం వెంట దక్షిణం చుట్టి వెళ్లింది. దాడి జరగ్గానే జర్మన్లే తమ ఓడను ముంచేసుకున్నారు. 1978 దాకా ఈ సంగతి బయటికి రాలేదు. మన తీరం ముందునుంచే పోయిన ఆ పడవ మీద తెలుగులో ఎవరైనా నవల రాస్తే, మొదటి కాపీ నేనే కొంటాను.