అప్‌డేట్: బేరియం టైటనేట్ బిళ్ళ మీద వెలుతురు పడితే వచ్చే కరెంటు వేడిదా, కాంతిదా?

పోల్ చేసిన (బలమైన విద్యుత్ క్షేత్రంతో లోపలి ధ్రువాలను ఒకే దిశకు తిప్పిన) బేరియం టైటనేట్ సిరామిక్ బిళ్ళ మీద యూవీ ఎల్ఈడీ వేస్తే చిన్న కరెంటు కనిపిస్తోందని, అది పైరోఎలక్ట్రిక్కా (ఉష్ణోగ్రత మార్పు వల్ల పుట్టేదా), ఫోటోవోల్టాయిక్కా (నేరుగా కాంతి వల్ల పుట్టేదా) అని ఇంతకుముందు అడిగాను. లైటు ఆపకుండా ఉంచి చూడమన్నవారికి చాలా కృతజ్ఞతలు. తేలింది.

లైటు వేయగానే కరెంటు ఒక్కసారి పైకి లేచి తగ్గింది. అయితే సున్నాకు రాలేదు, ఒక స్థాయిలో నిలబడింది. ఆపగానే వ్యతిరేక దిశలో చిన్న కుదుపు. పైరో కరెంటు ఉష్ణోగ్రత మారుతున్నంతసేపే ఉంటుంది కాబట్టి ఆ రెండు కుదుపులూ వేడివి, నిలబడిన భాగం కాంతిది. ఎర్ర ఎల్ఈడీతో కుదుపులు మాత్రమే మిగిలాయి. ఈ పదార్థం బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ను విడిపించి కదిలేలా చేయడానికి కావలసిన కనీస శక్తి) సుమారు 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు, ఎర్ర కాంతికి అంత శక్తి లేదు.

పోలింగ్ తిప్పితే కరెంటు దిశ కూడా తిరిగింది. దీన్నే రుజువు అనుకోవద్దు, పైరో కరెంటు కూడా అలాగే తిరుగుతుంది! అసలు తేడా చెప్పేది స్థిరంగా నిలిచే భాగమే.

నాకు బాగా నచ్చిన విషయం వోల్టేజి. మామూలు సోలార్ సెల్‌లో వోల్టేజికి బ్యాండ్ గ్యాప్ హద్దు. ఇక్కడ జంక్షనే (సోలార్ సెల్‌లో రెండు రకాల అర్ధవాహకాలు కలిసే చోటు) లేదు, స్ఫటికంలోని అసౌష్ఠవమే చార్జీలను ఒక దిశకు నెడుతుంది, అందుకే ఆ హద్దు దాటుతుంది. కరెంటు మాత్రం అతి స్వల్పం. మామూలు మల్టీమీటర్ పెడితే దాని 10 మెగాఓమ్ నిరోధం వోల్టేజిని లాగేస్తుంది, ఎలక్ట్రోమీటర్ (అంతకంటే ఎంతో ఎక్కువ నిరోధం ఉన్న మీటర్) తప్పనిసరి.

తర్వాత లాంథనం కలిపిన లెడ్ జిర్కొనేట్ టైటనేట్ అనే ఇలాంటి మరో సిరామిక్‌తో ఇదే కొలుస్తాను.