క్రిస్మస్ భోజనం దగ్గర గొడవ కాకుండా ఏం చేస్తారు మీ ఇళ్ళల్లో? (చర్చ)

తెనాలి_చిన్నోడు
అందరికీ వందనాలు. మాది తాతల నాటి నుంచీ లూథరన్ కుటుంబం. నాన్న పోయాక క్రిస్మస్‌కి అందరం అమ్మ దగ్గరే చేరుతున్నాం. పెద్దన్నయ్య ఇప్పుడు వేరే సంఘానికి వెళ్తున్నాడు. క్రిస్మస్ వాక్యంలో లేదంటాడు గానీ పలావుకి మాత్రం తప్పకుండా వస్తాడు. తమ్ముడి భార్య హిందువుల అమ్మాయి, బొట్టు పెట్టుకుంటుంది. అమ్మకి ఆ పిల్లంటే ప్రాణం. పోయినసారి భోజనం ముందు అన్నయ్య ప్రార్థన ఎత్తుకుని "ఈ ఇంట్లో చీకటిలో ఉన్నవాళ్ళ కళ్ళు తెరువు తండ్రీ, వాళ్ళ నొసటి మీద గుర్తులు తుడిచెయ్యి" అన్నాడు. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి ఆ పిల్ల విస్తరి ముందు లేదు. తమ్ముడు లేచాడు. మాట మాట పెరిగి ఇంటిస్థలం వాటాల దాకా పోయింది.
ఈసారి ప్రార్థన ఎవరు చెయ్యాలి? స్థలం మాట వస్తే ఎలా ఆపాలి? అసలు అన్నయ్యని పిలవాలా? రోమా 12:18లో "శక్యమైతే" అందరితో సమాధానంగా ఉండమని ఉంది కదా, నాకు ఆ "శక్యమైతే" దగ్గరే బండి ఆగిపోయింది.

మార్తమ్మ_వంటిల్లు
అన్నని పిలవాలా అని అడుగుతావేంటి తమ్ముడూ, మీ అమ్మ ఇల్లు, మీ అమ్మ పిలుస్తుంది. మా ఇంట్లో ప్రార్థనలతో బాధ లేదు, మా ఆడపడుచు మొగుడితోనే. 24 రాత్రి క్యారల్స్‌లో డోలు ఆయనదే, ఊరంతా మెచ్చుకుంటారు. 25 మధ్యాహ్నానికి మనిషి మనిషిలా ఉండడు. నేను ఏం చేస్తానంటే వడ్డన మొత్తం ఆయనకి అప్పజెప్తాను. "అన్నయ్యా, మీ చేత్తో పెడితేనే అందరూ తృప్తిగా తింటారు" అంటే పొంగిపోతాడు. చేతిలో గరిటె ఉన్నంతసేపు గ్లాసు పట్టడు.

మెదక్_పోరడు
మేమైతే పొద్దుగాల్నే అందరం కలిసి మెదక్ గుడికి పోతం. ఆడ జనం ఎట్లుంటరో తెలుసుగా. ఇంటికొచ్చేసరికి పిల్లలు, పెద్దలు, అందరికీ ఆకలే, కొట్లాడే ఓపికెవరికుంటది? క్రిస్మస్ లేదంటున్న మీ అన్నకు చెప్పుండ్రి, ఆ గుడి ప్రతిష్ఠ అయిందే 1924 డిసెంబర్ 25న.

బెరయ_విశ్వాసి
గుడి ప్రతిష్ఠ తేదీ వాక్యానికి రుజువా బ్రదర్? ప్రభువు ఏ రోజు పుట్టాడో లేఖనంలో లేదు. పోస్ట్ పెట్టిన బ్రదర్ అన్నగారు సత్యం మాట్లాడారు, అందరికీ చేదుగా ఉంది.

మెదక్_పోరడు
రోమా 14:5 సదువు. ఒకడు ఒక దినాన్ని గొప్పగా ఎంచుతడు, ఇంకొకడు అన్నీ సమానంగా ఎంచుతడు. నీ మనసుల నువ్వు ఉండు, మా పలావుల వేలు పెట్టకు.

నరసాపురం_అక్క
అసలు ప్రశ్నకి వస్తే, మాది ఒకే ఇంట్లో నాలుగు సంఘాలు. భోజనం ముందు ఎవరూ సొంత ప్రార్థన చెయ్యకూడదని మా మామగారు తేల్చేశారు. అందరం నిలబడి "పరలోకమందున్న మా తండ్రీ" అనే పరలోక ప్రార్థన చెప్పుకుంటాం, ఆమెన్, కూర్చుంటాం. అందులో ఎవరినీ పొడవడానికి సందు దొరకదు. పైగా "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అని నోటితో అన్నాక వెంటనే వాటాల సంగతి ఎత్తాలంటే ఎవరికైనా కాస్త సిగ్గేస్తుంది.

బెరయ_విశ్వాసి
అక్కా, మీరు చెప్పేది వల్లె వేయడం. మత్తయి 6:7లో ప్రభువు అన్యజనుల్లా వ్యర్థమైన మాటలు పలకవద్దన్నాడు. ఆత్మ నడిపించకుండా కంఠస్థం అప్పజెప్పడం ప్రార్థన కాదు.

నరసాపురం_అక్క
అక్కడి నుంచి రెండు వచనాలు కిందికి దిగండి. 6:9లో అదే ప్రభువు "మీరీలాగు ప్రార్థన చేయుడి" అని ఇచ్చిందే ఈ ప్రార్థన. 6:7లోనే విస్తరించి మాట్లాడడం గురించి కూడా ఉంది. పలావు చల్లారిపోయేదాకా ప్రార్థన చేసేవాళ్ళు చదవాల్సిన వచనం అది.

జోజి_ఆర్‌సీఎం
అక్క చెప్పింది మేమూ చేశాం, దాంట్లోనూ గొడవొచ్చింది 😀 మాది రోమన్ క్యాథలిక్, మా ఇంటావిడ వైపు సీఎస్‌ఐ, అంటే ప్రొటెస్టెంట్లు. మేము పరలోక జపం కీడు నుంచి రక్షించమని అడిగి ఆమెన్ అనేస్తాం. వాళ్ళు రాజ్యము, బలము, మహిమ అంటూ సాగిస్తారు. మా నాన్న అప్పటికే ముద్ద నోట్లో పెట్టేశాడు. మా అత్తగారు చూసిన చూపు ఉందే!

పాత_ఉపదేశి
ఇక్కడ చదువుకోని వాదనలు ఎక్కువైపోయాయి. నేను బి.డి. చేశాను, హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో. చెప్తున్నాను వినండి. ఆ చివరి వాక్యం మత్తయి పాత చేతిరాత ప్రతుల్లో లేదు. లూకా 11లో ఇదే ప్రార్థన ఇంకా పొట్టిగా ఉంటుంది. కాబట్టి జోజి గారి నాన్నగారిది తప్పు కాదు, ఆయన అత్తగారిదీ తప్పు కాదు. అన్నట్టు 25వ తేదీ సంగతి కూడా. రోములో ఆ తేదీ 354 నాటి పంచాంగంలో కనబడుతుంది. అర్మేనియా వాళ్ళు ఇప్పటికీ జనవరి 6నే చేసుకుంటారు.

బెరయ_విశ్వాసి
ప్రతుల్లో లేదు అంటూ సామాన్య విశ్వాసుల్ని కదిలించకండి. డిగ్రీలు చేసినవాళ్ళ వల్లే సంఘాలు చల్లబడ్డాయి.

పాత_ఉపదేశి
చల్లబడింది మీ తల కాదు కదా, అది చాలు.

మోడరేటర్
ఇద్దరూ ఆపండి. వ్యక్తిగత మాటలు తీసేస్తాను.

మొల్ల_ఇంటికోడలు
నేను చీరాల క్రైస్తవుల ఇంటి కోడల్ని, ఇప్పటికీ బొట్టు పెట్టుకుంటాను. ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెప్తున్నాను. ప్రార్థన అంటే మాకేం ఇబ్బంది లేదు. మా అత్తయ్య నా తల మీద చెయ్యి పెట్టి పరీక్షల ముందు ప్రార్థన చేసింది, నాకు ఏడుపొచ్చింది. కానీ అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు దేవుడికి చెప్తున్నట్టు నాకు చెప్పడం ఉంది చూశారూ, అది వేరు. ఎదురు మాట్లాడితే ప్రార్థన మధ్యలో మాట్లాడిందంటారు. తిట్టాలనుకుంటే కళ్ళు తెరిచి తిట్టండి, నేనూ జవాబు చెప్పుకుంటాను.

నరసాపురం_అక్క
అమ్మా, నువ్వన్నది నూటికి నూరు పాళ్ళు నిజం. అవిశ్వాసి అయిన భర్తను కూడా వాక్యం లేకుండానే నడవడితో గెలుచుకోవచ్చని 1 పేతురు 3:1. తమ్ముడి భార్యకి మాత్రం ప్రసంగం కావాలా?

లాయరు_బాబు
అసలు గొడవ ప్రార్థన కాదు, స్థలం. ఇంతమంది రాశారు, ఒక్కరూ దాని జోలికి పోలేదు. నాన్నగారు వీలునామా రాయకుండా పోయుంటే క్రైస్తవులకి వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. అమ్మకి మూడో వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా. కొడుకైనా కూతురైనా ఒకటే. కొడుకులకి పుట్టుకతో హక్కు అనేది మనకి లేదు. ముందే అందరికీ ఈ లెక్క తెలిస్తే సగం కేకలు తగ్గుతాయి.

మార్తమ్మ_వంటిల్లు
కూతురికి సమానమా?? పెళ్ళికి కట్నం ఇచ్చాం కదా, ఇంకేం ఉందని మా అన్నయ్యలు నా చేత సంతకం పెట్టించుకున్నారు. అది కూడా క్రిస్మస్ మర్నాడే, కేకు తింటూ.

లాయరు_బాబు
కట్నం వేరు, వాటా వేరు అక్కా. ఆ కాగితం ఏంటో, రిజిస్టర్ అయిందో లేదో చూడకుండా ఏమీ చెప్పలేను. దగ్గర్లో ఉన్న లాయరుకి చూపించండి.

గోదారి_గట్టు
క్రైస్తవులై ఉండి కుల సర్టిఫికెట్‌లో హిందూ అని ఉన్నవాళ్ళకి ఏ చట్టం అంటారు మరి?

మోడరేటర్
దయచేసి ఆ తేనెతుట్టె ఇక్కడ కదపొద్దు. దానికి వేరే చర్చ ఉంది.

పాత_ఉపదేశి
వాటాల గురించి ప్రభువునే ఒకడు అడిగాడు, లూకా 12. మా అన్నకి చెప్పి ఆస్తి పంచిపెట్టమని. మీ మీద నన్ను తీర్పరిగా ఎవరు పెట్టారు అన్నాడు ఆయన. కాబట్టి లాయరు బాబు దగ్గరికి 27న వెళ్ళండి, 25న కాదు.

కువైట్_రాణి
మీరందరూ కొట్లాడుకుంటున్నా అందులో ఒకరికొకరు ఉన్నారు. మాకు ఇక్కడ 25న సెలవు ఉండదు, శుక్రవారం ఆరాధనకి పంపిస్తే అదే పండగ. వీడియో కాల్‌లో మా వాళ్ళు ఫోన్ అరిసెల గిన్నెకి ఆనించి గొడవ పడుతుంటే నాకు సీలింగ్ ఫ్యాన్ మాత్రమే కనపడుతుంది. ఎవరు గెలిచారో కూడా తెలీదు.

తెనాలి_చిన్నోడు
అందరికీ థాంక్స్. నరసాపురం అక్క చెప్పింది అమ్మకి చదివి వినిపించాను. పరలోక ప్రార్థన అందరం చెప్పుకుందాం, దాని ముందు రెండు మాటలు నేనే చేస్తాను అంది. అన్నయ్యకి ఫోన్ చేసి "ఈసారి ప్రార్థన నాది రా" అని కూడా చెప్పేసింది. వాడు ఏమీ అనలేదు. వస్తాడనే అనుకుంటున్నా. స్థలం లెక్క జనవరిలో అని గ్రూపులో పెట్టాను, తమ్ముడు బొటనవేలు గుర్తు పెట్టాడు, చెల్లెలు ఇంకా చూడలేదు.

బెరయ_విశ్వాసి
పురుషులు ఉండగా స్త్రీ ప్రార్థన నడిపించడమా? సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలని 1 కొరింథీ 14:34.

నరసాపురం_అక్క
అదే పత్రిక 11:5లో స్త్రీ ప్రార్థన చేస్తున్నట్టే ఉంది, ముసుగు సంగతి తప్ప పౌలు ఇంకేమీ అనలేదు. నంద్యాలలో 2013లో పుష్పలలిత గారు సీఎస్‌ఐ బిషప్ అయ్యారు. మీకు ఓ తల్లి తన వంటింట్లో తన పిల్లల కోసం నోరు తెరవకూడదా?

మెదక్_పోరడు
అక్కకు ఓటు. బెరయన్నా, మీ అమ్మ నీ మీద చెయ్యి వెట్టి ప్రార్థన చేసినప్పుడు ఏ వచనం తీసినవ్?

మోడరేటర్
ఈ దారి కూడా మూసేస్తున్నాను. భోజనం గురించి మాట్లాడండి.

గోదారి_గట్టు
అయితే ఎవరైనా చెప్పండి, గులాబీ పువ్వులు అచ్చుకి అంటుకుపోతున్నాయి, పిండి ఊడి రావట్లేదు. గుడ్డు, కొబ్బరిపాలు, అన్నీ వేశాను.

మార్తమ్మ_వంటిల్లు
అచ్చు కాగలేదు నీది. పిండిలో ముంచే ప్రతిసారీ ముందు నూనెలో ఉంచి కాచాలి. పిండిలో ముప్పావు వంతే మునగాలి, పై అంచు దాటిందా ఇంక ఊడదు. కొత్త అచ్చయితే రాత్రంతా నూనెలో నానబెట్టు.