సాడిల్ స్టిచ్: ముందు వైపు బానే ఉంది, వెనక వైపు కుట్టు వంకర పోతోంది, ఎక్కడ తప్పు చేస్తున్నా?

తోలుపర్సు_హైద్:
అందరికీ నమస్తే. ఏడాదిన్నర నుంచి ఆఫీస్ అయ్యాక రాత్రిపూట తోలు పని చేస్తున్నా, కార్డు పర్సులు, వాచీ బెల్టులు, కళ్లద్దాల కవర్లు. మొత్తం చేత్తోనే, ఒకే దారానికి రెండు చివరలా రెండు సూదులు పెట్టి సాడిల్ స్టిచ్ వేస్తా. ముందు వైపు కుట్లు అన్నీ ఒకే వాలులో వస్తాయి, చూసినవాళ్లు మెషీన్ కుట్టా అని అడుగుతారు. తిప్పి చూస్తే మాత్రం కొన్ని నిలువుగా అంటే లైను వెంట తిన్నగా, కొన్ని ఏటవాలుగా, మధ్యలో రెండు మూడు లైను తప్పి పక్కకి పోయి ఉంటాయి. దానికితోడు కుట్టు సగానికి వచ్చేసరికి దారం నూగు లేచిపోతోంది.

వాడేవి చెప్తా: ఆన్‌లైన్‌లో కొన్న 4 మి.మీ. డైమండ్ చిజిల్ సెట్టు (సుత్తితో కొడితే 4 మి.మీ. దూరంలో డైమండ్ ఆకారం చిల్లులు పొడిచే పళ్ల పనిముట్టు), 0.8 మి.మీ. మైనం పట్టించిన పాలిస్టర్ దారం, మామూలు కుట్టు సూదులు. తోలుని బిగించి పట్టే క్లాంప్ లేదు, మోకాళ్ల మధ్య పెట్టుకుని కుడతా. తోలు రెండు పొరలు కలిపి 3 మి.మీ. దాకా ఉంటుంది. మా అక్క పెళ్లిరోజుకి ఒక పర్సు ఇవ్వాలి, తను ఏ వస్తువైనా ముందు తిప్పి వెనకే చూస్తుంది. ఖరీదైన ఫ్రెంచ్ ప్రికింగ్ ఐరన్ (కుట్టు చోట్లు గుర్తు పెట్టే సన్న పళ్ల పనిముట్టు) కొంటే ఇది పోతుందా?

పాతగూటం:
తమ్ముడూ, ఐరన్ కొనకముందు సూదులు మార్చు. బట్టలు కుట్టే సూది మొన పదునుగా ఉంటుంది, అది రెండోసారి అదే చిల్లులోకి వెళ్లేటప్పుడు లోపలున్న మొదటి దారాన్ని పొడుచుకుని పోతుంది, నువ్వు లాగినప్పుడు ఆ దారం పోగులు చీలతాయి. నూగు లేచేది అందుకే, కుట్టు ఒక పక్కకి గుంజుకుపోయేది కూడా సగం అందుకే. హార్నెస్ సూదులని దొరుకుతాయి, మొన గుండ్రంగా మొద్దుగా ఉంటుంది, జాన్ జేమ్స్ వాళ్లవి సైజు 4 తీసుకో, 0.6 దారానికి సరిపోతాయి. చిల్లు ముందే ఉంది కాబట్టి సూదికి పదును అక్కర్లేదు.

రెండోది దారం. పర్సుకి 0.8 లావు, 0.6 లేదా అంతకన్నా సన్నం వాడు.

ఇక అసలు సంగతి సూదులు దూర్చే వరస. చిజిల్ గుర్తు ముందు నుంచి చూస్తే / ఇలా పడుకుంటుంది, అదే చిల్లు వెనక నుంచి చూస్తే \ ఇలా కనిపిస్తుంది. ఒక్కో చిల్లులో రెండు దారాలుంటాయి కదా, ఏది పైన కూర్చుంది ఏది కింద కూర్చుంది అన్నదాన్ని బట్టే కుట్టు వాలుతుంది. ఏ చేతి సూది ముందు దూరిస్తే చివరిదాకా అదే ముందు, రెండో సూది మొదటి దారానికి ఏ పక్క నుంచి వెళ్తే ప్రతిసారీ అదే పక్క. ఫోన్ వచ్చి లేచి మళ్లీ కూర్చున్నప్పుడు చేతులు మారిపోతాయి, నా దగ్గర నేర్చుకునే పిల్లల్లో ఎక్కువగా చూసే తప్పు ఇదే. రెండో సూది దూర్చేటప్పుడు మొదటి దారాన్ని కాస్త వెనక్కి లాగి పట్టుకో, అది కదులుతుంటే పొడవలేదని లెక్క, బిగుసుకుంటే సూది వెనక్కి తీసి మళ్లీ దూర్చు.

మైనందారం_డాలస్:
పాతగూటం గారు చెప్పినదానికి ఒకటి కలుపుతా. వరస సరిగ్గా ఉన్నా వెనక వైపు ముందంత వాలు రాదు, కాస్త నిలువుగానే ఉంటుంది. వెనక కూడా వాలు కావాలంటే రెండో సూది సగం అవతలికి వచ్చాక, అటు వైపున్న దారాన్ని ఆ సూది మీదుగా ఒక్కసారి వేసి అప్పుడు రెండు చేతులా సమానంగా లాగండి. దీన్ని కాస్టింగ్ అంటారు, చిల్లు లోపల సగం ముడిలా పడి వెనక దారం కూడా వాలి కూర్చుంటుంది. వేస్తే ప్రతి కుట్టుకీ వెయ్యాలి, ఒక్కటి మర్చిపోయినా అక్కడ పన్ను ఊడినట్టు కనిపిస్తుంది. మరీ పల్చని తోలుకి నేను వెయ్యను, ఆ మెలిక పైకి ఉబ్బుతుంది.

క్లాంప్ మాత్రం తప్పకుండా చేయించుకోండి. మోకాళ్ల మధ్య పట్టుకుంటే తోలు తిరుగుతూ ఉంటుంది, లాగే కోణం మారిపోతుంది. రెండు చెక్క పలకలు, ఒక బోల్టు, పట్టుకునే చోట తోలు అతికించుకుంటే చాలు, వడ్రంగి గంటలో చేసిస్తాడు.

ఆరెకత్తి:
నేను చెప్పులు కుట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి, ఇప్పుడు బ్యాగులు చేస్తున్నా. ఎవరూ ఆరె (తోలుకి ఒక్కో చిల్లూ పొడిచే పిడి ఉన్న మొన) గురించి మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నా. వెనక లైను తప్పుతోంది అన్నావు చూడు, అది దారం తప్పు కాదు, చిల్లు తప్పు. చిజిల్ కొట్టేటప్పుడు ఒక వెంట్రుకవాసి వాలినా ముందు కనిపించదు, 3 మి.మీ. దిగేసరికి వెనక పక్కకి తేలుతుంది. ప్రికింగ్ ఐరన్ అంటే గుర్తు పెట్టేదే, చిల్లు పొడిచేది ఆరె. చిజిల్‌తో కూడా అలాగే చెయ్యొచ్చు, పైన గుర్తు పడేంత కొట్టి, మిగతాది డైమండ్ ఆరెతో ఒక్కో చిల్లూ పొడుచుకుంటూ కుట్టు. కొత్త ఆరె కొన్నరోజు పదునుండదు, 1000 నంబరు నీళ్ల కాగితం (తడిపి రుద్దే గరుకు కాగితం) మీద, తర్వాత 3000 మీద నాలుగు ముఖాలూ రుద్ది, పాత బెల్టు ముక్కకి గ్రీన్ కాంపౌండ్ అనే మెరుగు ముద్ద రాసి దాని మీద మెరిసేదాకా లాగు. తోలులోకి చప్పుడు లేకుండా దిగాలి, కిర్రుమంటే ఇంకా రుద్దాలి.

మా నాన్న కొక్కెం ఉన్న ఆరెతో కుట్టేవాడు, కింద నుంచి దారాన్ని కొక్కేనికి తగిలించి పైకి లాగే కుట్టు. అది త్వరగా అవుతుంది, చెప్పుకి ఆ వేగం కావాలి. సాడిల్ స్టిచ్‌లో రెండు దారాలూ ప్రతి చిల్లులోంచీ వెళ్తాయి, ఒకటి తెగినా రెండోది పట్టుకుంటుంది. రెండూ చేసినవాడిగా చెప్తున్నా, ఎక్కువకాలం నిలవాల్సిన వస్తువుకి ఇదే.

తోలు కూడా చూసుకో. క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలు సాగుతుంది, పొడిచిన చిల్లు మూసుకుంటుంది, చెయ్యి కుదిరేదాకా చెట్టు బెరడుతో పదును చేసిన వెజ్ ట్యాన్ తోలు మీదే కుట్టు. ఒకప్పుడు మన వైపు, అరవ వైపు తంగేడు బెరడు, కరక్కాయతో పదును పెట్టేవాళ్లు, ఆ తోలు ఆరె ఎక్కడ ఆపితే అక్కడే ఆగేది, ఇప్పుడు ఎక్కువగా వ్యాటిల్ చెట్టు బెరడు వచ్చేసింది.

మైనందారం_డాలస్:
ఆరె అన్నా, ఒప్పుకుంటా కానీ 3 మి.మీ.కి చిజిల్ నిలువునా కొడితే చాలదా? నేను పర్సులకి ఆరె ముట్టుకోను. కింద మందపాటి పనికిరాని తోలు పెట్టి కొడతా, వెనక చిల్లు చీలదు. పళ్లని తేనెమైనంలో ఒకసారి గుచ్చితే సులువుగా బయటికి వస్తాయి, తీసేటప్పుడు అటూ ఇటూ ఊపకుండా తోలుని చెక్కతో నొక్కిపట్టి తియ్యాలి.

ఆరెకత్తి:
చాలు తమ్ముడూ, నీ చెయ్యి కుదిరింది కాబట్టి. ఈయన చిజిల్ పళ్లు లావుంటాయి, 0.6 దారం వేస్తే చిల్లు చుట్టూ ఖాళీ కనిపిస్తుంది. కొనాలనుంటే 3 లేదా 3.38 మి.మీ. సన్న పళ్లది ఒక్కటే కొనమను, సెట్టు వద్దు.

తోలుపర్సు_హైద్:
అందరికీ చాలా థాంక్స్. సూదులు వచ్చాయి, మొన్న రాత్రి పాత ముక్క మీద మూడు వరసలు వేశా. మొదటిది ఉన్న చిజిల్‌తోనే సూది ఒక్కటి మార్చి, నూగు పూర్తిగా పోయింది. రెండోది ఎడమ సూదే ముందు అని కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకుని, వెనక కుట్లన్నీ ఒకేలా వచ్చాయి, కానీ నిలువుగా. మూడోదానికి కాస్టింగ్ వేశా, ఇరవై కుట్లలో రెండు మర్చిపోయా, ఆ రెండూ దూరం నుంచే తెలుస్తున్నాయి. ఆరె రుద్దుతున్నా, ఇంకా కిర్రుమంటోంది. ఒక్క డౌటు, జేబు పొర మొదలయ్యే చోట మందం మెట్టులా మారుతుంది కదా, అక్కడ కుట్టు ఎగిరినట్టుంది, ఏం చెయ్యాలి?

పాతగూటం:
ఆ మెట్టు సరిగ్గా రెండు చిల్లుల మధ్యకి వచ్చేలా ముందే గుర్తు పెట్టుకో, జేబు అంచుని కత్తితో కొంచెం పల్చగా చెక్కు. మెట్టు దాటే కుట్టు ఒక్కటి రెండుసార్లు వెయ్యి, పర్సు తెరిచి మూసేటప్పుడు ఎక్కువ లాగుడు పడేది అక్కడే. అంతా అయ్యాక నున్నటి సుత్తితో కుట్టు మీద మెల్లగా తట్టు.