జీడాకు రసంతో చేసిన వెండి నానో కణాలు: 400 నానోమీటర్ల దగ్గర పీక్ పూర్తిగా పోవట్లేదు, ఎందుకు?

నమస్కారం అండీ. శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేస్తున్నాను. పలాస వైపు జీడితోటలకు కొదవ లేదు కదా, ప్రాజెక్టుకి ఆ ఆకులే తీసుకున్నాను. మరిగించి వడగట్టిన రసం సిల్వర్ నైట్రేట్‌లో కలిపితే లేత పసుపు కాస్తా ముదురు గోధుమకు తిరిగింది.

చిక్కంతా ఉత్ప్రేరక పరీక్షలోనే, అంటే కణాలు రసాయన చర్యని వేగపరుస్తాయా అని చూసే పరీక్షలో. 4-నైట్రోఫినాల్, సోడియం బోరోహైడ్రైడ్ మిశ్రమంలో కణాలు వేస్తే 400 నానోమీటర్ల దగ్గరి నైట్రోఫినాల్ పీక్ (కాంతిని బాగా పీల్చుకునే చోట గ్రాఫ్‌లో లేచే శిఖరం) తగ్గి, 300 దగ్గర దాన్నుంచి తయారయ్యే అమైనోఫినాల్ పీక్ లేస్తోంది. కానీ 400 దగ్గరిది సున్నాకి రావట్లేదు. వెండి కణాలూ ఇంచుమించు అక్కడే కాంతిని పీల్చుకుంటాయి. మరి మిగిలింది వాటిదా, నైట్రోఫినాల్‌దా? నైట్రోఫినాల్ లేకుండా మిగతావన్నీ కలిపిన బ్లాంక్ పెట్టి, దాని రీడింగ్ తీసేస్తే సరిపోతుందా?

ఆకు రసంలోని పాలీఫినాల్స్ కణాల్ని కప్పేస్తున్నాయని కూడా అనుమానం. సెంట్రిఫ్యూజ్‌లో కడిగితే అడుగున ముద్ద కట్టి మళ్లీ విడిపోవట్లేదు. మీరెలా కడుగుతారు? గైడ్ గారేమో రేట్ కాన్‌స్టెంట్ (చర్య ఎంత వేగంగా జరుగుతోందో చెప్పే విలువ) అడుగుతున్నారు, టెన్షన్‌గా ఉంది.