2022 గోదావరి వరదను ‘అన్‌ప్రెసిడెంటెడ్’ అనవచ్చా?

సిరొంచ టీచర్: 2022 జూలై వరద మీద మా క్లాసు పిల్లలు ఇంగ్లిష్ వ్యాసంలో ‘అన్‌ప్రెసిడెంటెడ్’ అని రాస్తే కొట్టేశాను. అంతకుముందు ఎన్నడూ జరగనిదానికే ఆ మాట. భద్రాచలం దగ్గర 2022లో నీటిమట్టం 71.3 అడుగులు. 1986 ఆగస్టులో 75.6. అంతకన్నా పెద్దది ముందే వచ్చింది కదా!

బల్లార్షా వాసి: మన మహారాష్ట్ర ఊళ్లకు భద్రాచలం ఎక్కడో దిగువన ఉంది సార్. ఆ కొలత మనకెందుకు? పైగా 1986లోనూ, 1990లోనూ వరద వచ్చింది ఆగస్టులో. జూలైలోనే అంత నీరు మా ఇంట్లో పెద్దవాళ్లెవరూ చూడలేదు.

సిరొంచ టీచర్: అయితే ‘జూలై నెలలో’ అని చేర్చాలి. ఊరికే రాస్తే తప్పే.

ఆలాపల్లి అక్క: ‘వెరీ అన్‌ప్రెసిడెంటెడ్’ అనొచ్చా?

సిరొంచ టీచర్: అనకూడదమ్మా. ముందు జరిగిందా, లేదా అంతే. ‘ఆల్మోస్ట్’ మాత్రం చెల్లుతుంది.

ఒడ్డు రైతు: మా పత్తి అప్పుడే రెండాకులు వేసింది. నీళ్లు తీశాక చూస్తే చేనంతా ఇసుక మేట. పంట నష్టం రాసుకునే పంచనామాకు వచ్చినాయన ‘ఇట్లాంటి వరద ఎన్నడూ రాలేదు, ఎవరేం చేస్తారు’ అన్నాడు.

సిరొంచ టీచర్: అడిగింది ఇంగ్లిష్ మాట గురించి. పంచనామా సంగతి వేరే చోట రాయండి.

ఒడ్డు రైతు: మీకు నెల తిరిగితే జీతం వస్తుంది సార్. నాకు ఆ మాటతోనే నష్టపరిహారం తగ్గింది!

బల్లార్షా వాసి: అన్నా, ఉల్టా మాట్లాడుతున్నావు. ఎన్నడూ లేని విపత్తు అంటేనే సర్కారు కదులుతుంది. మామూలు వరదంటే ఎవరు పైసలిస్తారు? సార్ ఆ మాట తీసేసి మన నష్టాన్ని చిన్నది చేస్తున్నాడు.

ఒడ్డు రైతు: మామూలు వరద అని నేనెక్కడన్నా? 1986లో మా నాయన చేను మునిగింది, కొన్నాళ్లకు నీళ్లు దిగిపోయాయి. 2019లో కింద మేడిగడ్డ బ్యారేజీ మొదలైనంక నీళ్లు వెనక్కి తన్ని చేలల్లోనే నిలుస్తున్నాయి. ఎన్నడూ లేని వాన అంటే తప్పు మేఘాలదైపోయింది. కట్టినవాళ్లను అడిగేదెవరు?

బల్లార్షా వాసి: ముందు పైసలు రానీ అన్నా, తర్వాత అడుగుదాం.

ఒడ్డు రైతు: తర్వాత అడిగితే ‘తీసుకున్నావు కదా’ అంటారు.

సిరొంచ టీచర్: 36 ఏళ్ల ముందే అంతకన్నా పెద్ద వరద వచ్చిందంటే, కట్టేటప్పుడు దాన్ని లెక్కలో పెట్టుకోవాల్సిందే. అందుకే ఆ మాట కొట్టేశాను.

ఒడ్డు రైతు: ఆ ముక్క మొదటే రాయాల్సింది సార్. 1986లో మీ ఊళ్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గుర్తున్నవాళ్లు ఇక్కడ పెట్టండి. ఏ గుడి మెట్టు, ఏ గోడ, ఏ చెట్టు. మళ్లీ అర్జీ పెడుతున్నాను.