సైట్ ఇంజనీర్‌ని, గ్రీన్ బిల్డింగ్ కన్సల్టింగ్‌లోకి రావాలంటే ఎక్కడ మొదలెట్టాలి?

పల్నాడు_సివిల్:
అందరికీ నమస్తే. బీటెక్ సివిల్ చేసి ఇప్పుడు నార్సింగి వైపు ఒక హైరైజ్‌లో సైట్ ఇంజనీర్‌గా చేస్తున్నా. మా ప్రాజెక్ట్ ఐజీబీసీకి (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్, బిల్డింగులకి గ్రీన్ రేటింగ్ ఇచ్చే సంస్థ) రిజిస్టర్ చేశారు, దానికోసం కన్సల్టెంట్ మేడం ఒకావిడ సైట్‌కి వస్తుంటారు, లారీల టైర్లు కడిగే చోటు చూస్తారు, మట్టి కుప్పల మీద కవర్ కప్పారా అని అడుగుతారు, సిమెంట్, స్టీల్ చలాన్లు తీసుకెళ్తారు. ఆవిడ వెనకాల తిరుగుతూ అదీ ఇదీ అడగడం మొదలెట్టాక ఈ పని మీద గట్టిగా మనసు పడింది. మే నెలలో మా రెండు టవర్ల టాప్ ఫ్లోర్లలో పని ఉండి తిరిగా, ఒకదాని పైన తెల్ల టైల్ పడింది, ఇంకోదానికి ఇంకా వెయ్యలేదు, మధ్యాహ్నం స్లాబ్ కింద నిలబడితే చాలు తేడా ఒంటికే తెలిసిపోతోంది. మన ఊళ్ళల్లో ఎన్ని ఇళ్ళు అలాంటి స్లాబ్ కింద రాత్రిళ్ళు నిద్రలేకుండా ఉంటాయో అనుకుంటే ఈ పని చెయ్యాల్సిందే అనిపించింది.

నా డౌట్లు: లీడ్ (అమెరికా గ్రీన్ రేటింగ్) వాళ్ళ గ్రీన్ అసోసియేట్ పరీక్ష రాయాలా, ఐజీబీసీ ఏపీ (అక్రెడిటెడ్ ప్రొఫెషనల్) రాయాలా? ఎంటెక్ లేకపోతే తీసుకోరా? ఇంట్లో ఎడ్యుకేషన్ లోన్ ఇంకా నడుస్తోంది కాబట్టి మళ్ళీ చదువంటే ఆలోచించాలి. దుబాయ్ వైపు అవకాశాలు ఎలా ఉంటాయి? ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.

లోగిలి_ఆర్కిటెక్ట్:
నేను హైదరాబాద్‌లోనే ఇదే పని చేస్తున్నానండి. పరీక్ష సంగతి ముందు చెప్పేస్తా, మీరు చేస్తున్న ప్రాజెక్ట్ ఐజీబీసీ కాబట్టి ఐజీబీసీ ఏపీ ముందు రాయండి, రోజూ చూసే విషయాలే వస్తాయి. తర్వాత లీడ్ గ్రీన్ అసోసియేట్, దానికి అనుభవం అడగరు, 100 ప్రశ్నలు, రెండు గంటలు, 200కి 170 వస్తే పాస్. ఇవి ఉంటే రెజ్యూమే పక్కన పెట్టకుండా చూస్తారు, అంతవరకే, ఇంటర్వ్యూలో నేనైతే వాటి గురించి అసలు అడగను. సిమెంట్ చలాన్ ఒకటి చేతికిచ్చి దీంట్లోంచి ఏం లెక్క తీస్తావో చెప్పమంటా. పీపీసీ (ఫ్లైయాష్ కలిపిన సిమెంట్) అని రాసుంటే సరిపోదు, ఫ్లైయాష్, అంటే థర్మల్ ప్లాంట్ బూడిద, 15 నుంచి 35 శాతం దాకా ఎంతైనా ఉండొచ్చు, మీ బ్యాచ్‌లో ఎంత వేశారో కంపెనీ లెటర్ కావాలి, ఆ లెటర్ మీద డేటూ ప్లాంటూ మన చలాన్లతో కలవాలి, లేకపోతే రివ్యూలో వెనక్కి వస్తుంది. మొదటి రెండేళ్ళు ఎక్కువభాగం ఇలాంటి పనే ఉంటుంది, ముందే తెలిసి రండి, చాలామంది డిజైన్ చేస్తాం అనుకుని వచ్చి కాగితాలు చూసి వెళ్ళిపోయారు.

కానీ అసలు పని వేరే చోట ఉంది. పడమర వైపు మొత్తం అద్దాలు పెడదామని క్లయింట్ అనుకుంటున్న రోజున మనం ఆ మీటింగ్‌లో ఉండాలి. అద్దం ఆర్డర్ ఇచ్చేశాక పిలిస్తే మనం చెయ్యగలిగేది ఏసీ కాస్త మంచిది పెట్టమని చెప్పడం, కుళాయిలకి నీళ్ళు తగ్గించే ఏరేటర్లు బిగించడం. ఆ మీటింగ్‌కి మనల్ని పిలవాలంటే డ్రాయింగ్ చూడగానే ఇక్కడ ఇంత వేడి వస్తుంది అని అంకెతో చెప్పగలగాలి.

ఇంకోటి, కొత్తగూడ దగ్గర సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది కదా, వీలుచూసుకుని ఒకసారి వెళ్ళండి. 2003లో అమెరికా బయట లీడ్ ప్లాటినం వచ్చిన మొదటి బిల్డింగ్ అది, 2004లో కలాం గారు ప్రారంభించారు. విండ్ టవర్లలోంచి గాలి ముందే చల్లబడి ఏసీకి వెళ్ళేలా కట్టారు, జాలీ గోడలు, పైన మట్టీ మొక్కలు, వాడిన నీళ్ళని మొక్కల వేళ్ళతోనే శుద్ధి చేసే ఏర్పాటు, అన్నీ కళ్ళారా చూడొచ్చు. జాలీ నీడ ఎంత దూరం పడుతోందో నిలబడి చూస్తే పుస్తకంలో షేడింగ్ చాప్టర్ తేలిగ్గా ఎక్కుతుంది.

చిల్లర్_ప్లాంట్:
మేడం చెప్పింది కరెక్ట్, అంకె అన్నారు కదా అది ఎలా వస్తుందో నేను చెప్తా తమ్ముడూ. నాది మెకానికల్, ఏసీ డిజైన్ నుంచి ఎనర్జీ మోడలింగ్‌కి వచ్చా. ఎనర్జీ మోడలింగ్ అంటే బిల్డింగ్‌కి ఏడాదికి ఎంత కరెంటు పడుతుందో కంప్యూటర్‌లో ముందే లెక్కేయడం. సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు, ఎనర్జీప్లస్ ఫ్రీ, ఈక్వెస్ట్ ఫ్రీ, హైదరాబాద్ వెదర్ ఫైల్ కూడా ఫ్రీగా దొరుకుతుంది, ఏడాదిలో 8760 గంటలకీ ఎండ, గాలి, తేమ అన్నీ అందులో ఉంటాయి. కానీ అంతకంటే ముందు ఎక్సెల్‌లో ఒక లెక్క చెయ్యి. ఇళ్ళకోసం బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ళు 2018లో ఎకో నివాస్ సంహిత అనే కోడ్ తెచ్చారు, అందులో ఆర్ఈటీవీ అని ఒకటుంటుంది, గోడలూ కిటికీల్లోంచి ఇంట్లోకి వచ్చే వేడి, చదరపు మీటరుకి 15 వాట్లు దాటకూడదు. గోడ యూ వాల్యూ (వేడి ఎంత తేలిగ్గా దాటుతుందో చెప్పే అంకె), అద్దం యూ వాల్యూ, ఎస్‌హెచ్‌జీసీ (ఎండ వేడిలో ఎంత వంతు అద్దంలోంచి లోపలికొస్తుందో), ఏ దిక్కున ఎంత కిటికీ, ఇవి ఉంటే వచ్చేస్తుంది.

మీది మైవాన్ షట్టరింగా, అంటే అల్యూమినియం ఫారాలు పెట్టి గోడలూ స్లాబూ కలిపి కాంక్రీట్ పోసేదా? అయితే నీకు బోలెడు మెటీరియల్ ఉన్నట్టే. ఆర్సీసీ గోడకి యూ వాల్యూ మూడు పైనే ఉంటుంది, అదే 200 ఎంఎం ఏఏసీ (గాలి బుడగలుండే తేలిక కాంక్రీట్) బ్లాక్ గోడ అయితే ఒకటికి లోపే, అంటే అదే ఎండకి మూడింతలకి పైగా వేడి లోపలికొస్తుంది. స్లాబ్ త్వరగా పడుతుందని అందరూ మైవాన్‌కి పోయారు, ఆ గోడ వెనక ఉండేవాళ్ళ ఏసీ బిల్లు ఎవరూ లెక్క కట్టట్లేదు. మీ బిల్డింగ్‌లో ఒక ఫ్లాట్ తీసుకుని రెండు గోడలతోనూ ఆర్ఈటీవీ తీసి, పడమర కిటికీకి రెండడుగుల ఛజ్జా పెడితే ఎంత తగ్గుతుందో కూడా చూడు. ఇది చేసుకుని ఇంటర్వ్యూకి వెళ్తే ఎంటెక్ ఉందా అని అడిగేవాళ్ళు తక్కువ.

పల్నాడు_సివిల్:
మైవానే అన్నా, ఒక్క బాత్‌రూం పార్టిషన్లు తప్ప అన్నీ కాంక్రీటే. ఈ కోణంలో ఎప్పుడూ చూడలేదు. ఈ ఆదివారం కూర్చుని లెక్క మొదలెడతా.

డేరా_దుబాయ్:
గల్ఫ్ గురించి. ఇక్కడ దుబాయ్‌కి అల్ సఫాత్, అబుదాబీకి ఎస్టిడామా పెర్ల్, ఖతార్‌కి జీఎస్ఏఎస్, ఇలా ఒక్కోచోట ఒక్కో గ్రీన్ రేటింగ్, కానీ ఫ్రెషర్‌ని ఇండియా నుంచి తెచ్చుకోవడం దాదాపు ఉండదు. ఇండియాలోనే రెండు మూడు బిల్డింగులు మొదట్నుంచి సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా చేసి, లీడ్ ఏపీ కూడా ఉంటే అప్పుడు అప్లై చెయ్ బ్రో.

కొత్తగా డిమాండ్ ఉన్నది ఎంబాడీడ్ కార్బన్, అంటే మెటీరియల్ తయారీలోనే బయటికొచ్చే కార్బన్ లెక్క. 2025 ఏప్రిల్‌లో లీడ్ వీ5 వచ్చాక క్లయింట్లు కరెంటు బిల్లుతో పాటు సిమెంట్, స్టీల్ కార్బన్ కూడా అడుగుతున్నారు. సున్నపురాయి కాల్చి క్లింకర్ (సిమెంట్‌లో ముఖ్యమైన సరుకు) చేసేటప్పుడు రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, సోలార్ పెట్టినా అది ఆగదు, అందుకే క్లింకర్ తగ్గించి ఫ్లైయాష్, స్లాగ్ (స్టీల్ ప్లాంట్లలో మిగిలేది) కలపడం ముఖ్యమైన దారి. మనకి రామగుండం ఫ్లైయాష్, వైజాగ్ స్టీల్ స్లాగ్ ఉన్నాయి కాబట్టి మెటీరియల్‌కి కొదవ లేదు. ఇక్కడే సైట్ నుంచి వచ్చినవాడి విలువ తెలుస్తుంది, ఆఫీసులో కూర్చున్నవాళ్ళు సగం స్లాగ్ వెయ్యండి అని రాసేస్తారు, స్లాగ్ ఎక్కువైతే మొదటి రోజుల్లో స్ట్రెంగ్త్ నెమ్మదిగా వస్తుంది, మీ మైవాన్ సైకిల్‌లో మర్నాడు షట్టరింగ్ ఎలా విప్పుతారు? అది ఫౌండేషన్‌కి, రాఫ్ట్‌కి పెట్టమని, స్లాబులకి తక్కువ పెట్టమని చెప్పాలంటే కాంక్రీట్ పోయించిన చెయ్యి కావాలి.

బెజవాడ_నీడ:
చదువు విషయం ఒక మాట. విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)లో సస్టైనబుల్ ఆర్కిటెక్చర్ ఎంఆర్క్ ఉంది కానీ అది బీఆర్క్ వాళ్ళకి. సివిల్ వాళ్ళయితే అహ్మదాబాద్ సెప్ట్‌లో బిల్డింగ్ ఎనర్జీ పెర్ఫార్మెన్స్ ఎంటెక్ చూడొచ్చు, ఖర్చు ఎక్కువే కాబట్టి లోన్ తీరాక ఆలోచించండి.

అయితే పైన అందరూ సర్టిఫికెట్ ప్రాజెక్టులే చెప్పారు, నాకు కోడ్ వైపు ఎక్కువ నమ్మకం. రేటింగ్ అనేది డెవలపర్ ఇష్టం, కోడ్ అలా కాదు, పాటించి తీరాలి. కమర్షియల్ బిల్డింగుల ఎనర్జీ కోడ్ ఈసీబీసీ 2007లో వచ్చింది, మన రెండు రాష్ట్రాలూ తీసుకున్నాయి, 100 కిలోవాట్ల లోడ్ దాటిన కమర్షియల్ బిల్డింగులకి వర్తిస్తుంది. 2022లో ఎనర్జీ కన్సర్వేషన్ చట్టం సవరించాక పెద్ద రెసిడెన్షియల్ కూడా ఇందులోకి వచ్చే దారి పడింది. తెలంగాణలో 2023 నుంచి కూల్ రూఫ్ పాలసీ ఉంది, మీరు చూసిన ఆ తెల్ల టైల్ సంగతే అది. ఇవన్నీ ప్లాన్‌లో చూసి, సైట్‌లో చూసి, ఇది ఉంది ఇది లేదు అని సంతకం పెట్టేవాళ్ళు కావాలి, రేటింగ్ మొహం చూడని చిన్న ఊళ్ళ బిల్డింగులకి కూడా ఇదొక్కటే చేరుతుంది. కోడ్ డాక్యుమెంట్ బీఈఈ సైట్‌లో ఉచితమే, ప్రింట్ తీసుకుని చదవండి.

పల్నాడు_సివిల్:
అందరికీ థాంక్స్ అండి, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ఐజీబీసీ ఏపీకి కట్టేస్తున్నా, ఆర్ఈటీవీ లెక్క పక్కనే. ఒక్క డౌట్ మేడం, మా ప్రాజెక్ట్ డ్రాయింగులు, చలాన్లు నా పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా?

లోగిలి_ఆర్కిటెక్ట్:
వద్దండి, అవి క్లయింట్‌వి, అడగకుండా బయటికి తీసుకెళ్తే ఇంటర్వ్యూలో అదే పెద్ద మైనస్ అవుతుంది. మీ సొంతిల్లు కొలుచుకోండి. స్లాబ్ మందం, కిటికీల సైజులు, ఏ దిక్కు, పైన ఏమీ లేకపోతే ఎంత, తెల్ల పెయింట్ వేస్తే ఎంత, రెండు పేజీల్లో రాసుకోండి. వీలైతే అమ్మగారిని అడిగి నిజంగానే పెయింట్ వేయించి, ముందూ తర్వాతా స్లాబ్ కింద థర్మామీటర్ రీడింగులు తీసి మీ లెక్క పక్కన పెట్టండి. అయ్యాక ఇక్కడ పోస్ట్ చెయ్యండి, నేనూ చిల్లర్_ప్లాంట్ గారూ చూసి చెప్తాం.